నేలకు తాకించాడా, లేదా?

డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఓ ఇల్లు. 2024 ఫిబ్రవరి 11, ఆదివారం సాయంత్రం. చెప్పులు గుమ్మం దగ్గర వదిలి లోపలికి రండి. బల్ల మీద చికెన్ వింగ్స్, పక్కనే మిరపకాయ బజ్జీలు. ఏవి ముందు ఖాళీ అవుతాయో చెప్పక్కర్లేదు. టీవీలో లాస్ వేగాస్ స్టేడియం. అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్, సూపర్ బౌల్: కాన్సాస్ సిటీ చీఫ్స్, శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్.

తెనాలి నుంచి వచ్చిన పెద్దాయన పది నిమిషాలు ఓపిక పట్టారు.

"ఒరేయ్, అందరూ చేత్తో పట్టుకుని పరిగెత్తేవాళ్లే. దీన్ని ఫుట్‌బాల్ అంటారేంట్రా?"

"తన్నుతారు నాన్నా, అప్పుడప్పుడూ" అన్నాడు కొడుకు, ఫోన్‌లోంచి తలెత్తకుండా.

"అసలు ఫుట్‌బాల్ మాది తాతయ్యా!" మనవరాలు క్లబ్బులో సాకర్ ఆడుతుంది. మోకాలి మీద టర్ఫ్ గీరుకున్న మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. "మాకు హాఫ్ మొదలైతే గడియారం ఆగదు. వీళ్లు చూడు, అయిదు సెకన్లు గుద్దుకుని అరనిమిషం నిలబడతారు."

అబద్ధమేం కాదు. 60 నిమిషాల ఈ ఆటలో బంతి నిజంగా ఆటలో ఉండేది సుమారు 11 నిమిషాలే.

పెద్దాయనకు మాత్రం ఆ ఆగడమే నచ్చింది. "బాగానే ఉందే! బంతికీ బంతికీ మధ్య ఫీల్డింగ్ సర్దుకున్నట్టు. నాలుగు బంతులు, పది గజాలు. ఆ సందులో మనం నాలుగు తిట్టుకోవచ్చు." పది గజాలు పోవడానికి నాలుగు ప్రయత్నాలు, అదే 'డౌన్ల' సంగతి, నాకు ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు.

పక్కింటాయన నవ్వాడు. డర్బన్ మనిషి. ముత్తాతలు చెరకు తోటల పనికి ఓడెక్కిన తెలుగువాళ్లు. ఆయనకు మిగిలింది 'తాతా', 'పెరుగు' లాంటి నాలుగు మాటలు. మిగతాదంతా ఇంగ్లిషే, దాన్ని పెద్దాయన కొడుకు తెలుగు చేసి చెబుతున్నాడు. మొన్న అక్టోబరులో దక్షిణాఫ్రికా జట్టు స్ప్రింగ్‌బాక్స్ 12-11తో న్యూజిలాండ్‌ను ఓడించి రగ్బీ ప్రపంచకప్పు కొట్టారు కాబట్టి ఆయనది పెద్ద గొంతు.

"హెల్మెట్లూ, భుజాలకు దిళ్లూ! మా వాళ్లకు ఇవేమీ ఉండవు. చేత్తో ముందుకు విసరడమూ ఉండదు, పక్కకో వెనక్కో."

"మరి ముందుకెలా పోతారు?"

"మోసుకుపోవాలి, లేదా తన్నాలి తాతా."

"మీ ఆటలోని వేల్స్ వాడు రీస్-జామిట్ రగ్బీ వదిలి ఇటే వస్తున్నాడుగా" అని కొడుకు చురక. జవాబు లేదు. ఆయన సోఫా మీది దిండు తీసుకుని, రెండడుగులు పరిగెత్తి, కార్పెట్ మీద ఒంగి అరచేతుల్తో గట్టిగా అదిమాడు. "గీత దాటితే సరిపోదు. ఇలా నేలకు తాకిస్తేనే 'ట్రై', అప్పుడే పాయింట్లు. వీళ్లు పేరు 'టచ్‌డౌన్' అని పెట్టుకుని తాకించరు!"

పెద్దాయనను ఆ మాట పట్టేసింది.

రాత్రి తొమ్మిదిన్నర దాటింది. 19-19 దగ్గర అదనపు సమయంలో పడింది ఆట. ఫార్టీనైనర్స్ ముందు 22కి చేరారు. బజ్జీల పళ్లెంలో నూనె మరకలు మాత్రమే. గీతకు మూడు గజాల దూరంలో చీఫ్స్ ఆటగాడు మహోమ్స్ కుడివైపు కదిలి విసిరాడు. సహచరుడు హార్డ్‌మన్ ఒంటరిగా పట్టుకున్నాడు. 25-22. గడియారంలో ఇంకా మూడు సెకన్లు. హాలంతా కేకలు.

"ఆగండెహె!" పెద్దాయన కుర్చీ అంచుకు వచ్చారు. "నేలకు తాకించాడా, లేదా?"

డర్బన్ ఆయన దిండు కోసం వెతుకుతున్నాడు.