మరల పంపుమను విద్య



హైదరాబాదు తూర్పుభాగమున, ఉప్పల్, నాచారముల చేరువ, 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కలదు. అచటి యంత్రములు భూకంప తరంగములను, భూమి అయస్కాంత బలమునందలి మార్పులను రేయింబవళ్లు గుర్తించుచుండును. అచటి అయస్కాంత పరిశీలనాలయము ఇంటర్‌మాగ్నెట్ అను అంతర్జాతీయ కూటమిలోనిది. కనుక దాని లెక్కలు దేశాంతరములకును పోవును.

భూమి తన మాటను రెండవసారి చెప్పదు. 1993 సెప్టెంబరు 30వ తేదీ తెల్లవారుజామున లాతూరు ప్రాంతమున నేల కంపించి వేలమంది మరణించిరి. ఆ కంపమును మరల చూపుమని ఎవ్వరడుగగలరు? కాని దాని లెక్క దారిలో చెడినచో, మరల పంపుమని అడుగవచ్చును. ఈ యడుగుట శాస్త్రమైన విధమును నేడు మనవి చేసెదను.

2013లో మన దేశమున నిలిచిపోయిన తంతివార్తల కాలమున, అనుమానము కలిగిన పదమును గుమాస్తా మరల అడిగెడివాడు. అయితే అనుమానము కలుగవలెను గదా! అంకె మారినను వాక్యము చెడదు. హాలెండు ఇంజనీరు వాన్ డ్యూరెన్ 1940ల దశకమున రేడియో తంతికి ఒక ఉపాయము కూర్చెను. ప్రతి అక్షరమునకు ఏడు సంకేతములు. వానిలో మూడు ఒక తీరువి, నాలుగు మరియొక తీరువి. ఇట్టి కూర్పులు 35. ఒక్క సంకేతము మారినను ఈ లెక్క తప్పును; అంతట యంత్రమే మరల పంపుమని కోరును.

మరి వార్త బొత్తిగా అందకున్నచో? అందవలసినవాడు దానినెరుగడు, అడుగనూలేడు. 1971లో హవాయి దీవులలో నడచిన అలోహా రేడియో వ్యవస్థయందు, "అందినది" అను బదులు రానిచో పంపినవారే కొంత తడవు వేచి మరల పంపిరి. అందరును ఒక్కమారే పంపి మరల ఢీకొనకుండ, ఆ తడవు ఒక్కొక్కరికి వేరువేరుగా నుండెను. 1974లో సర్ఫ్, కాన్ అను అమెరికనులు ప్రకటించిన ఆలోచననుండి పుట్టిన టీసీపీ నియమము, సమాచారమునకు వరుససంఖ్యలు వేయును. ఏ సంఖ్యవరకు అందినదో బదులు వచ్చును; అందనిది మరల పోవును.

వీనియన్నింటికిని మూలమొక్కటే: బదులు వచ్చువరకు పంపినవాడు ప్రతిని పారవేయరాదు. ప్రతి లేనివానిని ఎన్నిమారులడిగినను ఫలమేమి? రేడియోలో నా మాట మీకు వినబడకున్నచో నన్నడుగుటకు దారి లేదు. ఈ పుస్తకమే నేను దాచిన ప్రతి. ఉప్పల్ యంత్రములు గుర్తించిన లెక్కయు అట్టిదే. దానిని దాచినంతకాలమే భూమి పలికిన మాటను మరల అడుగగలము.