జబ్బు చేసిన కుందేలును ఇంట్లో ఎక్కడ, ఎలా ఉంచాలి?

మూతపడిన కుందేళ్ల షెడ్డు నుంచో, దుకాణంలో అమ్ముడుపోక మిగిలినదో, ఎవరో వీధిలో వదిలేసినదో ఒక కుందేలును జాలిపడి ఇంటికి తెచ్చుకున్నామని సికింద్రాబాద్, మల్కాజిగిరి, అల్వాల్ వైపు నుంచి అప్పుడప్పుడూ ఫోన్లు వస్తుంటాయి. ఏం మేపాలని అందరూ అడుగుతారు. ఎక్కడ ఉంచాలని అడిగేవారు తక్కువ. ఇలా చేతికి వచ్చిన కుందేలు చాలావరకు జబ్బుతోనే వస్తుంది. మందు వేసినా తగ్గడం లేదంటే ముందు అది పడుకునే నేలను చూడాలి.

ఈ మాట నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఒక ఫిబ్రవరిలో మారేడుపల్లిలో మూడో అంతస్తులో ఉండే కుటుంబం మేడ్చల్ వైపు మూసేసిన షెడ్డు నుంచి ఒక తెల్ల కుందేలును తెచ్చుకుంది. వెనక కాళ్ల మడమల మీద బొచ్చు ఊడి ఎర్రటి పుండ్లు. తుమ్ములు. మెడ కొంచెం ఎడమకు వాలి ఉంది. ఫోన్లో అడిగితే నేను అలవాటుకొద్దీ రైతులకు చెప్పేదే చెప్పాను. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు జాలీ పంజరం, మేడ మీద నీడలో, గాలి తగిలేలా. పది రోజుల తర్వాత వెళ్లి చూస్తే పుండ్లు పగిలి జాలీకి రక్తం అంటుకుని ఉంది. "మీరు చెప్పినట్టే చేశాం సార్" అన్నారు ఆ ఇంటి ఆవిడ. నిజమే, చెప్పినట్టే చేశారు.

జాలీ పంజరం తప్పు కాదు. వందల కుందేళ్లున్న షెడ్డులో పెంటికలు, మూత్రం కిందికి పడిపోయి రక్తపారుడు జబ్బు, పురుగులు తగ్గడానికి అది పనికొస్తుంది. మాంసానికి పెంచే కుందేలు దానిలో ఉండేది కొద్ది నెలలే. ఏళ్ల తరబడి బతకవలసిన, అప్పటికే కాళ్లు చెడిన కుందేలుకు ఆ కొలతే శిక్ష అవుతుంది. కుక్కకు, పిల్లికి ఉన్నట్టు కుందేలు అరికాలికి మెత్తటి దిండు ఉండదు. బొచ్చు మీదే నిలబడుతుంది. ఆ బొచ్చు ఊడితే ఎముకకు, తీగకు మధ్య మిగిలేది పలచటి చర్మం ఒక్కటే.

ముందు జబ్బు, తర్వాత చోటు

మడమ పుండ్లున్న కుందేలుకు నేల మెత్తగా, పొడిగా ఉండాలి. ఈ రెండూ కలిసి ఉండాలి. మెత్తగా ఉండి తడిగా ఉంటే పుండు ఇంకా చెడుతుంది. కింద నాలుగైదు పొరల పాత వార్తాపత్రికలు, వాటి మీద పాత తువ్వాలు లేదా తుంగ చాప, పైన మూడు అంగుళాల మందాన ఎండుగడ్డి వేయండి. తడిసిన భాగాన్ని ఏ రోజుకారోజు తీసేయాలి. గోనె సంచి చవకే గాని పోగులు కొరికి మింగితే పేగుల్లో చుట్టుకుంటాయి. కుందేలుకు వాంతి చేసుకునే శక్తి లేదు, లోపలికి పోయింది వెనక నుంచే రావాలి. అందుకే గోనె, ప్లాస్టిక్ చాప, థర్మోకోల్ వద్దు. నున్నటి టైల్స్ మీద కాలు జారి నడుము దెబ్బతింటుంది కాబట్టి ఉత్త టైల్స్ మీద వదలరాదు. గోళ్లు పెరిగితే బరువంతా మడమ మీదికి వస్తుంది. నెలకోసారైనా చూసి కత్తిరించాలి. లావెక్కిన కుందేలుకు దాణా తగ్గించకుండా పరుపు మార్చి లాభం లేదు.

మెడ వాలిన కుందేలుది వేరే సంగతి. చెవి లోపలి చీము వల్లగాని, ఎన్‌సెఫాలిటోజూన్ అనే సూక్ష్మజీవి వల్లగాని ఇది ఎక్కువగా వస్తుంది. ఏదో తేల్చవలసింది పశువైద్యుడు. మీరు చేయవలసిందల్లా అది పడిపోకుండా చూడటం. మెట్టు, పెట్టె, అరుగు ఏదీ పెట్టకండి. దొర్లుతున్న రోజుల్లో పెద్ద చోటు మేలు చేయదు. రెండడుగులు, మూడడుగుల మేర చుట్టూ తువ్వాళ్లు చుట్టలుగా చుట్టి గోడలా పెట్టండి. నీళ్ల సీసా గొట్టాన్ని మూతితో అందుకోలేదు, బరువైన వెడల్పాటి మట్టి మూకుడులో నీళ్లుంచాలి. కింది వైపు కన్ను గడ్డికి ఒరుసుకుని పుండు పడుతుంది, రోజూ చూడాలి. దొర్లడం ఆగాక చోటు కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవచ్చు. మెడ పూర్తిగా నిలబడకపోయినా తిని, తిరిగి, హాయిగా బతికే కుందేళ్లున్నాయి. ఈ సూక్ష్మజీవి మూత్రం ద్వారా పాకుతుంది. ఇంట్లో క్యాన్సర్ చికిత్స తీసుకుంటున్నవారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు ఉంటే శుభ్రం చేసే పని వారికి అప్పగించవద్దు.

తుమ్ములు, ముక్కు కారడం, ముందు కాళ్ల లోపలి బొచ్చు అట్టకట్టడం కనిపిస్తే అది తరచుగా పాశ్చురెల్లా జబ్బు. పూర్తిగా పోవడం కష్టం, అదుపులో ఉంచుకోవాలి. దీనికి శత్రువులు దుమ్ము, మూత్రం వాసన. నిలవ మూత్రం నుంచి లేచే అమోనియా నేలకు దగ్గరగా ఉంటుంది. నిలబడిన మీ ముక్కుకు తెలియకముందే దాని ముక్కు మండుతుంది. మోకాళ్ల మీద కూర్చుని, మూతి ఉండే ఎత్తులో మీరే ఒకసారి వాసన చూడండి. గడ్డిని బయట దులిపి లోపలికి తేవాలి. రంపపు పొట్టు వేయరాదు. దోమల చుట్ట, అగరుబత్తీ, సాంబ్రాణి పొగ ఆ గదిలోకి రాకూడదు. దేవుడి గది పక్కన పెట్టి, ఎందుకు తుమ్ముతోందో తెలియడం లేదన్న ఇల్లు ఒకటి చూశాను. ఫినాయిల్ కూడా వద్దు. మూత్రం తెల్లగా గారకట్టిన చోట నీళ్లు కలిపిన వినెగర్ పోసి కడిగితే వస్తుంది.

గజ్జి, చెవిలో పొలుసులు ఉంటే కొన్నాళ్లు విడిగా ఉంచడమే వసతి. కొన్ని రకాల గజ్జి, తామర మనుషులకూ అంటుతాయి. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి. పరుపు బట్టలు మరిగే నీళ్లలో వేసి ఎండలో ఆరేయండి. ఇంట్లో ముందే కుందేలుంటే కొత్తదాన్ని కనీసం రెండు వారాలు వేరే గదిలో ఉంచాలి.

మేడా, బాల్కనీయా, గదా?

మన దగ్గర తీర్పు చెప్పేది వేసవి. కుందేలుకు హాయి 15 నుంచి 25 డిగ్రీల మధ్య. 30 దాటితే ఇబ్బంది మొదలవుతుంది. దానికి మనలా చెమట పట్టదు, ఒంటి వేడిని ఎక్కువగా చెవుల నుంచే వదులుతుంది. పెంపుడు కుందేలు మూలం ఐరోపాలో స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతపు అడవి కుందేలు. ఎండవేళ నేలలో తవ్వుకున్న బొరియలో దాక్కునే జంతువు అది. అవికానగర్‌లోని కేంద్రీయ గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థకు కుందేళ్ల మీద పనిచేసే కేంద్రాలు కొడైకెనాల్ కొండల్లోని మన్నవనూరులో, హిమాచల్‌లోని గర్సాలో ఉన్నాయి. రెండూ చల్లటి చోట్లే. సికింద్రాబాద్‌లో మే నెల పగలు 40 డిగ్రీలు అటూ ఇటూగా ఉంటుంది, ఇక రేకుల కింద ఎంత ఉంటుందో చెప్పనక్కరలేదు. ఆరోగ్యంగా ఉన్నదే తట్టుకోలేదు, ముక్కు మూసుకుపోయిన కుందేలు ఏం తట్టుకుంటుంది?

అందుకని మేడ మీది రేకుల గది వద్దు. కోతులు, పిల్లులు వచ్చే చోటు కూడా అదే. కుందేలు భయంతోనే చనిపోగలదు, పిల్లి తాకనక్కరలేదు. పడమటి బాల్కనీ కూడా ఇంతే. సెల్లారు చల్లగా ఉంటుంది గాని గాలి ఆడదు, బండ్ల పొగ, పందికొక్కులు, వాటికి పెట్టే మందు అన్నీ అక్కడే. స్నానాల గది చల్లనే, కానీ తడి. మడమ పుండ్లకు అది పనికిరాదు.

మిగిలేది మనుషులు తిరిగే గదిలో ఉత్తరం లేదా తూర్పు వైపు మూల. వంటింటికి, టీవీకి దూరంగా. మారేడుపల్లి ఇంట్లో చివరకు అదే ఎంచుకున్నాం. పడకగది మూలలో ఆరడుగులు, నాలుగడుగుల మేర రెండున్నర అడుగుల ఎత్తు దడి కట్టారు. పాత జాలీ పంజరాన్నే విప్పి పలకలు చేసి నిలబెట్టారు, కొత్తగా పెద్ద ఖర్చేమీ కాలేదు. బ్రిటన్‌లో కుందేళ్ల సంక్షేమ సంఘం రెండు కుందేళ్లకు పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు ఉండాలంటుంది. మన అపార్టుమెంటులో అంత చోటు తీయడం అందరికీ కుదరదు. దడి చిన్నదైతే ఉదయం, సాయంత్రం తలుపులు మూసి గదిలో వదిలితే సరిపోతుంది. కరెంటు తీగలు మాత్రం పైకి కట్టేయండి, లేకపోతే మొదట కొరికేది వాటినే.

దడి లోపల ఒక మూల మూత్రానికి పళ్లెం, దాని పక్కనే ఎండుగడ్డి పెట్టాలి. కుందేలు గడ్డి నములుతూనే పెంటికలు వేస్తుంది, పక్కపక్కన ఉంటే అలవాటు త్వరగా పడుతుంది. ఇంకో మూల దాక్కోవడానికి అట్టపెట్టె. పెట్టెకు రెండు దారులుండాలి. మెడ వాలినదైతే అంచులు తక్కువగా కోయండి.

ఎండాకాలంలో కూలర్ గాలి నేరుగా దాని మీద పడరాదు, గోడకు తగిలి తిరిగి వచ్చేలా పెట్టాలి. జూన్ దాటి గాలిలో తేమ పెరిగాక కూలర్ వల్ల మేలు కన్నా చెమ్మ ఎక్కువ. అప్పుడు ఫ్యాను, తెరిచిన కిటికీ చాలు. కరెంటు పోతే వాడుకోవడానికి ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసాను గుడ్డ చుట్టి దడిలో ఒక పక్కన పెట్టండి, కావాలంటే అదే వచ్చి ఆనుకుంటుంది. నోరు తెరిచి రొప్పుతున్నా, చెవులు కాలిపోతున్నా, కాళ్లు చాపి లేవకపోయినా అది వడదెబ్బ. కుళాయి నీళ్లతో చెవులు తడిపి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఐసు నీళ్లలో ముంచరాదు.

వానాకాలంలో ఈగలను చూసుకోవాలి. వెనక భాగం మూత్రంతో, మెత్తటి పెంటికలతో తడిసి ఉంటే అక్కడ ఈగ గుడ్లు పెడుతుంది. ఒక్క రోజులోనే పురుగులు పడవచ్చు. నడవలేని, లావుగా ఉన్న కుందేలును రోజుకు రెండుసార్లు తిప్పి చూడాలి.

గదిలో పెట్టమనడానికి చల్లదనం ఒక్కటే కారణం కాదు. కుందేలు నొప్పిని దాచుకునే జంతువు. అది మేత మానేసిన సంగతి మేడ మీద ఉంటే మరునాటికి తెలుస్తుంది, కళ్ల ముందుంటే గంటల్లో తెలుస్తుంది. కుందేలు పేగులు ఆగితే గంటలే లెక్క. పన్నెండు గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు చిన్నవై ఆగిపోయినా తెల్లవారేదాకా ఆగకండి. పొద్దున పళ్లెం మార్చేటప్పుడు పెంటికలను చూడటం అలవాటు చేసుకుంటే చాలు, అంతకన్నా చవకైన పరీక్ష లేదు.

మేత గురించి రెండు మాటలే. ముప్పావు వంతు గడ్డే ఉండాలి. గరిక, గినీ గడ్డి, ఎండుగడ్డి. పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, అరిగేది గడ్డితోనే. మోండా మార్కెట్‌లో ముల్లంగి ఆకు, కొత్తిమీర తేలికగా దొరుకుతాయి. మందులు కొట్టి ఉంటాయి కాబట్టి బాగా కడిగి పెట్టండి. లూసర్న్‌లో సున్నం ఎక్కువ, మూత్రం చిక్కగా తెల్లగా పోసే కుందేలుకు మానేయాలి.

అది పెంపుడు కుందేలేనా?

బొల్లారం, శామీర్‌పేట వైపు తుప్పల్లో దొరికిన గోధుమ రంగు పిల్ల అయితే ఆగి చూడండి. మెడ వెనక నల్లటి మచ్చ ఉంటే అది మన అడవి చెవులపిల్లి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని ఇంట్లో పెంచుకోవడం నేరం. ఒంటరిగా కనిపించిన పిల్లకు తల్లి లేదనుకోవద్దు. తల్లి దూరంగా ఉండి చీకటి పడ్డాక వచ్చి పాలిచ్చి పోతుంది. దెబ్బ తగలకపోతే ముట్టుకోకుండా వదిలేయండి, తగిలితే అటవీ శాఖకు అప్పగించండి.

మారేడుపల్లి కుందేలు మడమల మీద బొచ్చు రావడానికి రెండున్నర నెలలు పట్టింది. ఆ మే నెల గడిచింది. మెడ ఇంకా కొంచెం వాలే ఉంది, తుమ్ములు చలికాలంలో తిరిగి వస్తున్నాయి.

ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు తెల్లవారుజామునే, మూత ఉన్న బుట్టలో తువ్వాలు పరిచి తీసుకెళ్లండి. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల, నారాయణగూడ పశువైద్యశాల మనకు అందుబాటులో ఉన్నాయి. కుక్కలకు వాడే ఫిప్రోనిల్ చుక్కలు కుందేలుకు వేయరాదు, ప్రాణం పోతుంది. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ వంటివి నోటి ద్వారా ఇస్తే పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి విరేచనాలతో చనిపోవచ్చు. ఇంట్లో మిగిలిన మాత్ర అరముక్క వేసి చూద్దామనుకోవద్దు. వెళ్లేటప్పుడు ఆ రోజు పెంటికలు కొన్ని కాగితంలో పొట్లం కట్టుకుని, పరుపుగా ఏం వేస్తున్నారో ఫోన్లో ఫొటో తీసుకుని వెళ్లండి. వైద్యుడికి ఆ రెండూ చూపించండి.