రుణగ్రస్తుని పరువు

 



హిజ్రీ 10వ సంవత్సరంలో అరఫాత్ మైదానంలో దైవప్రవక్త (సఅసం) అజ్ఞానకాలపు వడ్డీ బాకీలన్నిటినీ రద్దు చేశారు. ఆ రద్దును వారు తమ పినతండ్రి హజ్రత్ అబ్బాస్ (రజి)కు రావలసిన వడ్డీతోనే ప్రారంభించారు. సంస్కరణ ఎవరి ఇంటి నుండి మొదలు కావాలో అందరికీ అక్కడే తెలిసిపోయింది. ఈ జుమా నాడు మన నగరంలో అప్పు నడిచిన దారిని ఆ వెలుగులో పరిశీలించదలచాము.

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. బండరాళ్ల గుట్టల మధ్య లేచిన ఆ గుండ్రని భవనాన్ని చూడటానికి జనం బస్సులెక్కి వెళ్లేవారు. అదే సంవత్సరం మెదక్ జిల్లా నారాయణ్‌ఖేడ్ ప్రాంతంలో ఎస్.కె.ఎస్. అనే సంస్థ, గుంటూరులో స్పందన అనే సంస్థ పేద స్త్రీలకు చిన్న చిన్న అప్పులివ్వడం ఆరంభించాయి. నాడు ఈ రెండు పరిణామాలను కలిపి చూసినవారు అరుదు. నేడు స్పందన ప్రధాన కార్యాలయం రాయదుర్గంలో, ఆ ఐ.టి. భవనాల నడుమనే ఉన్నది.

ఈ సంస్థలు శూన్యంలో పుట్టలేదని న్యాయంగా ఒప్పుకోవాలి. బ్యాంకు గడప తొక్కడానికి పేదవాని వద్ద పట్టా లేదు, జీతపు చీటీ లేదు, హామీ ఇచ్చేవాడు లేడు. అతనికి తెలిసినది నూటికి నెలకు అయిదు రూపాయలు, పది రూపాయలు గుంజే వ్యాపారి; లేదా ప్రతి సాయంత్రం బండి మీద వచ్చి వసూలు చేసే గిరిగిరి ఫైనాన్స్. డ్వాక్రా సంఘాలకు పావలా వడ్డీ పథకం వచ్చినా అది అందరి అవసరాలనూ తీర్చలేదు. ఆ ఖాళీలోకి సూక్ష్మ రుణ సంస్థలు ప్రవేశించాయి.

వారి పద్ధతి ఇది. అయిదుగురు స్త్రీలు ఒక జట్టు. ఆస్తి తాకట్టు లేదు. ఒకరి బాకీకి మిగిలినవారు జవాబుదారులు. వారం వారం కేంద్రం వద్ద అందరి ఎదుటా వాయిదా చెల్లించాలి. ఒక స్త్రీ చెల్లించలేకపోతే మిగతా నలుగురూ ఆమె వాకిట కూర్చోవలసిందే. బంగారం తాకట్టు లేదన్నారు గాని, తాకట్టు లేకపోలేదు: ఇరుగుపొరుగు ముందు ఆమె పరువే ఆ తాకట్టు. వడ్డీ ఏడాదికి నూటికి 24 నుండి 36 వరకు ఉండేది. ఒక సంస్థ అప్పు తీర్చడానికి మరో సంస్థ వద్ద, దాన్ని తీర్చడానికి మూడవదాని వద్ద తీసుకున్న ఇళ్లు లెక్కకు మిక్కిలి.

హెచ్చరిక ముందే వచ్చింది. 2006లో కృష్ణా జిల్లా అధికారులు రెండు పెద్ద సంస్థలకు చెందిన యాభై దాకా శాఖలను మూయించారు. ఎవరూ పాఠం నేర్వలేదు. 2010 ఆగస్టులో ఎస్.కె.ఎస్. స్టాక్ మార్కెట్లో ప్రవేశించింది. 985 రూపాయల ధర గల వాటాలకు మదుపుదారులు ఎగబడ్డారు. సమకూరినది 1,600 కోట్లకు పైమాటే. రెండు నెలలు తిరగకముందే పల్లెల నుండి రుణగ్రస్తుల ఆత్మహత్యల వార్తలు రాజధానిని చేరాయి. అక్టోబరు మధ్యలో రోశయ్య ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, తరువాత అది చట్టమైంది. ఇంటి మీదికి పోయి వసూలు చేయరాదు. పంచాయతీ కార్యాలయం వంటి బహిరంగ స్థలంలోనే చేయాలి. వారపు వాయిదాలకు బదులు నెలసరి వాయిదాలు. వడ్డీ మొత్తం అసలును మించరాదు. వసూళ్లు దాదాపు స్తంభించాయి. రిజర్వు బ్యాంకు నియమించిన మాలెగాం కమిటీ 2011 జనవరిలో వడ్డీకి 24 శాతం పరిమితిని సూచించింది.

వేధింపు ఆగిన మాట నిజం. కాని అప్పు అవసరం ఆగలేదు. ఆసుపత్రి ఖర్చు, పిల్ల ఫీజు, ఆటో మరమ్మతు ఆర్డినెన్సు కోసం ఆగవు కదా! చాలా ఇళ్లు తిరిగి పాత వడ్డీ వ్యాపారి గడపకే చేరాయి. తలుపు మూస్తే చాలదని, మరో తలుపు తెరవాలని ఆనాడు ఎందరు ఆలోచించారు?

పదేళ్ల తరువాత అదే కథ చరవాణిలో ప్రత్యక్షమైంది. 2020లో కరోనా వల్ల జీతాలు ఆగిన వేళ, నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌లు వ్యాపించాయి. ఖర్చుల పేరిట ముందే కొంత కోసుకుని, వారం పది రోజుల్లో పూర్తి మొత్తం అడిగేవి. గడువు దాటితే ఫోన్‌లోని బంధుమిత్రుల నంబర్లన్నిటికీ ఫలానావాడు మోసగాడంటూ సందేశాలు పంపేవి. ఆ డిసెంబరులో సైబరాబాద్ పోలీసులు కేసులు పెట్టి, కాల్ సెంటర్లపై దాడులు చేశారు. ప్రాణాలు తీసుకున్నవారిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కూడా ఉన్నాడు. యాప్‌లు రుణగ్రస్తుని ఫోన్‌లోని పేర్ల పట్టికను తాకరాదని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించింది. గమనించండి: 2010లో వాకిలి, 2020లో పేర్ల పట్టిక, తాకట్టు మాత్రం అదే.

మరో తలుపు మన నగరానికి కొత్తది కాదు. ఉస్మానియాలో చదివి, బోధించి, పిదప పారిస్‌లో స్థిరపడిన పండితుడు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ (1908–2002) హైదరాబాద్ సంస్థానంలోని వడ్డీ లేని రుణ సంఘాలను గురించి వ్రాశారు. ఉద్యోగులు నెలనెలా చిన్న మొత్తాలు జమచేసి, అవసరమున్నవారికి వడ్డీ లేకుండా ఇచ్చి, వాయిదాలలో తిరిగి తీసుకునేవారు. 1960లలో ఇక్కడే వెలసిన తూర్ బైతుల్ మాల్ నగలు కుదువపెట్టుకుని వడ్డీ లేని రుణాలు ఇచ్చింది. ఇవి చిన్న ప్రయత్నాలే. లెక్కలు సరిగా వ్రాసిన చోట నిలిచాయి. నమ్మకమే చాలుననుకున్న చోట కూలాయి. దివ్య ఖుర్ఆన్‌లోని అతి దీర్ఘమైన ఆయత్ అప్పును వ్రాసిపెట్టుకోవడాన్ని గురించే గదా! దానికి కాస్త ముందే, ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తునికి వెసులుబాటు కలిగేవరకు గడువివ్వాలనీ, వదిలివేయడం మరింత శ్రేష్ఠమనీ అల్లాహ్ ఆదేశించాడు. అప్పుల్లో కూరుకున్నవారికి జకాత్‌లో వాటా ఉన్నదని సూరా తౌబా ప్రకటించింది.

ఇక్కడ మన తప్పును మనమే చెప్పుకోవాలి. సహాయం పొందినవారి పేరు మైకులో చదివేది మనమే. రేషన్ సంచి అందుకుంటున్న వితంతువు ఫోటోను గ్రూపుల్లో పంచేదీ మనమే. గచ్చిబౌలి మసీదులో మన పక్కన నిలబడే కాపలాదారుడు, క్యాబ్ డ్రైవరు మన బైతుల్ మాల్‌కు రాకుండా యాప్ తెరుస్తున్నారంటే, యాప్ రహస్యంగా ఇస్తుందనుకోవడం కూడా ఒక కారణం.

ఒకసారి దైవప్రవక్త (సఅసం) ముందుకు ఒక జనాజా వచ్చింది. మృతునికి రెండు దీనార్ల అప్పు ఉన్నదని తెలిసి వారు నమాజుకు నిలబడలేదు. అబూ ఖతాదా (రజి) ఆ భారాన్ని తనపై వేసుకున్నాకే నమాజు చేయించారు. మరునాడు వారు అబూ ఖతాదాను ఆ దీనార్ల సంగతి అడిగారు. ఆయన నిన్ననే కదా మరణించాడని సమాధానం వచ్చింది. ఆ మరునాడు మళ్లీ అడిగారు. చెల్లించేశానని అబూ ఖతాదా విన్నవించాకే, మృతుని దేహం ఇప్పుడు చల్లబడిందని ప్రవక్త (సఅసం) అన్నారు.