ఎర్రగీత కింద మన మాట

తెలుగు రాత నేర్పే సాధనాలకు పెద్ద చరిత్రే ఉంది. బ్రౌన్ నిఘంటువు 1852లో, చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చాయి. ఆదివాసీ పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పూనుకున్నవాడు పర్లాకిమిడి ఉపాధ్యాయుడు గిడుగు రామమూర్తి. ఆయన సవరల దగ్గర కూర్చుని, వాళ్ల మాట విని నేర్చుకున్నాడు. వాచకాలు రాశాడు. సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ముందు వినడం, తర్వాత రాయడం, ఆ తర్వాతే సూత్రం. ఇదీ ఆయన పద్ధతి.

ఆన్‌లైన్ సాధనాలు కూడా రాతను బట్టే వచ్చాయి. 1991లో యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకు చోటు దక్కింది. 2003లో తెలుగు వికీపీడియా, 2006లో లేఖిని మొదలయ్యాయి. ఆంధ్రభారతిలో ఒక్క మాట కొడితే ఎన్నో నిఘంటువుల అర్థాలు కనిపిస్తాయి. చాట్రాయి పిల్లవాడు మామిడికాయలు కోసే 'చిక్కం' గురించి నాలుగు వాక్యాలు లేఖినిలో రాసి, ఆ మాటను నిఘంటువులో వెతికితే, తన ఇంటి మాట పుస్తకంలోనూ ఉందని తెలుసుకుంటాడు. రాయడానికి ధైర్యం వస్తుంది.

మన భాషలకు ఆ ధైర్యం ఇంకా అందలేదు. కోయలో 'నన్న' అంటే 'నేను'. తెలుగు ఒక్కటే తెలిసిన సాధనం దాని కింద ఎర్రగీత గీసి 'నాన్న' అని దిద్దవచ్చు. అప్పుడు పిల్లవాడు తన భాషే తప్పు అనుకుంటాడు. అసలు సంగతి, ఆ యంత్రానికి కోయ నేర్పినవాళ్లు లేరు.

1936లో మంగేయి గొమాంగో చేసిన సవర లిపి 2012లో గానీ యూనికోడ్‌కు ఎక్కలేదు. ఆదిలాబాద్ గుంజాల గోండి లిపి 2018లో ఎక్కింది. 2025లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన ఆదివాణి అనువాద యాప్‌లో సంతాలి, భీలీ, ముండారీలతో పాటు గోండికీ చోటు దొరికింది. దారి తెరుచుకుంది. అయితే సాధనం ఏదైనా మనం రాసి ఇచ్చినంతే నేర్చుకుంటుంది.

అందుకే యువతకు, తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. వారానికి పది మాటలు పెద్దల నోట విని, అర్థంతో, ఒక వాక్యంతో పిల్లల చేత రాయించండి. పలికినట్టే తెలుగు లిపిలో రాసినా చాలు. ఫోన్‌లో ఎక్కించి దాచండి. తెలుగు వ్యాకరణం తెలుగు పాఠంలో దిద్దుదాం. ఇంటి భాషను మాత్రం ఎర్రగీతకు అప్పగించొద్దు. గిడుగుకు సవర నేర్పింది సవరలే. రేపటి యంత్రానికి మన భాష నేర్పాల్సింది మనమే.