బొమ్మల పెట్టెలో చోటు దొరకని తిలంగాలు

యుద్ధవీరుల చిన్న బొమ్మలు కూర్చుకొని, వాటికి సన్నని కుంచెతో రంగులు దిద్ది, బల్లమీద బారులు తీర్చి పెట్టుకొనే వేడుక ఐరోపా దేశాలలో చాలకాలంగా ఉన్నది. పిల్లల ఆటగా పుట్టి పెద్దల వ్యసనంగా స్థిరపడినది. మనకు బొమ్మల కొలువు ఎటువంటిదో వారికి ఇదీ కొంత అటువంటిదే. కాకపోతే మన కొలువులో పైమెట్టుమీద దేవుడుంటాడు, వారి కొలువులో పైమెట్టుమీద నెపోలియన్ ఉంటాడు.

ఇది వేళాకోళానికి అన్నమాట కాదు. ఈ బొమ్మల వర్తకుల జాబితాలు తిరగవేస్తే మళ్ళీ మళ్ళీ అవే కనబడతాయి. 1815 నాటి వాటర్లూ యుద్ధం, రెండవ ప్రపంచ యుద్ధపు జర్మను సైనికులు, రోము పటాలాలు, అమెరికా అంతర్యుద్ధం, ఇనుప కవచాల సర్దారులు, జపాను సమురాయిలు. ఇవి పక్కకు పెడితే అంగడిలో మిగిలేది కొద్ది. ఆ కొద్దిలోనూ హిందూదేశమంటే బెంగాలు బల్లెపు రౌతు, సిక్కు, గూర్ఖా, మహా అయితే చారల చొక్కా తొడిగిన టిప్పు సిపాయి.

మనం కాపురముంటున్న ఈ తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతం 1780, 81 సంవత్సరాలలో నిజమైన రణరంగం. ఈ పొలాలలో తుపాకి మోసినవారిలో మన తెలుగువారు అనేకులు. వారికి ఆ పెట్టెలలో చోటెందుకు దొరకలేదన్నది నా ప్రశ్న.

ముందుగా బొమ్మల కథ రెండు ముక్కలలో చెబుతాను. జర్మనీలో న్యూరెంబర్గు పట్టణంలో హైన్‌రిక్సెన్ అనే ఆయన 1839లో తగరంతో పలుచని బొమ్మలు పోతపోయడం మొదలుపెట్టి, తరువాత వాటి ఎత్తును 30 మిల్లీమీటర్లకు స్థిరపరచినాడు. లండనులో విలియం బ్రిటన్ కంపెనీవారు 1893లో లోపల బోలుగా ఉండే సీసపు బొమ్మ పోసే ఉపాయం కనిపెట్టినారు. సీసం తక్కువ పట్టడంతో ధర తగ్గి, సామాన్యుల పిల్లలకు కూడ అందింది. ఆ బొమ్మ ఎత్తు 54 మిల్లీమీటర్లు. ఆనాటి బొమ్మ రైళ్ళ పెద్ద గేజికి సరిపోయేటట్లు ఆ కొలత ఎంచుకొన్నారట! రైల్వేలో కలం పట్టినవాడిని గనుక ఈ సంగతి నాకు మహా ముచ్చటగా తోచింది. తరువాత 1959 నుండి ఎయిర్‌ఫిక్స్ వారి ప్లాస్టిక్కు సిపాయిలు వచ్చినారు. అయిదున్నర అడుగుల మనిషి అందులో అంగుళం కంటె పొట్టి.

బొమ్మలు కేవలం బొమ్మలే అనుకోరాదు. కాప్టెన్ సైబర్న్ అనే ఇంగ్లీషు అధికారి వాటర్లూ యుద్ధభూమి మొత్తాన్ని నమూనాగా చేసి, డెబ్బైవేలకు పైగా చిట్టి సిపాయిలను నిలబెట్టి 1838లో లండనులో ప్రదర్శించినాడు. గెలుపు ఘడియలో ప్రష్యా సైన్యం ఎంత ముందుకు వచ్చి ఉన్నదో, తాను విచారించి తెలుసుకొన్న ప్రకారం అంతమందిని పెట్టినాడు. ఇది వెల్లింగ్టన్ ప్రభువు పక్షంవారికి రుచించలేదు, గెలుపులో వాటా పంచినట్లయింది కదా! చివరకు సైబర్న్ వేలాది ప్రష్యా బొమ్మలను తీసివేయవలసి వచ్చింది. ఆ నమూనా ఇప్పటికీ లండనులోని జాతీయ సైనిక ప్రదర్శనశాలలో ఉన్నది. బల్లమీద ఎవరిని నిలపాలి, ఎవరిని తీసివేయాలి అన్న తగవు మొదటినుండీ ఉన్నదన్నమాట.

ఇక మన ఊళ్ళ సంగతి. 1780లో హైదరాలీ కర్ణాటకం మీద పడినపుడు, గుంటూరు సర్కారులో ఉన్న కర్నల్ బెయిలీ దండును కంచికి రమ్మని కబురు వెళ్ళింది. ఆ దండు నెల్లూరి దారిన నడచి వచ్చి ఆగస్టు 25వ తేదీన మన కుశస్థలి నది ఉత్తరపు ఒడ్డున దిగింది. ఇక్కడివారు కొసస్తలై అని పిలిచే నది ఇదే. ఆ పూట నది దాటడానికి వీలుగానే ఉన్నదట. తెల్లవారి చూద్దామని ఆగినారు. రాత్రికి వరద వచ్చింది. సెప్టెంబరు 3 దాకా దాటలేకపోయినారు. ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకగా కనబడే ఈ నదిని చూస్తే ఆ మాట నమ్మబుద్ధి కాదు గాని, వానకాలంలో చూసినవారు నమ్ముతారు. పోయిన ఆ తొమ్మిది రోజులు పోయినట్లే. 6వ తేదీన పేరంబాకం దగ్గర టిప్పు ఎదుర్కొన్నాడు. 10వ తేదీన పొల్లిలూరు వద్ద తండ్రీ కొడుకులిద్దరూ చుట్టుముట్టినారు. మందుగుండు బండ్లు పేలిపోయినవి. కంచినుండి తోడుగా వచ్చిన మనుషులతో కలిసి సుమారు 3,800 మంది ఉన్న దండు అక్కడ నాశనమయింది. అదే సమయంలో కొద్ది మైళ్ళ దూరంలో కంచిలో కూర్చున్న సేనాపతి మన్రో, తన పెద్ద ఫిరంగులను కోనేటిలో పారవేసి చెంగల్పట్టుకు వెనుదిరిగినాడు. బెయిలీ శ్రీరంగపట్టణం చెరలో 1782లో మరణించినాడు.

మరుసటి ఏడు సర్ ఐర్ కూటు వచ్చినాడు. అతని సైన్యానికి శత్రువుకంటె ఆకలి పెద్ద బాధ. ధాన్యం దొరుకుతుందని తిరుపాచూరు కోటను ముట్టడించి 1781 ఆగస్టు 22న పట్టుకొన్నాడు. తిరువళ్ళూరునుండి తిరుత్తణి పోయే బస్సులో ఆ ఊరు మనం ఎన్నిసార్లు దాటి ఉంటామో! ఇంగ్లీషువారు ‘ట్రిపసూర్’ అని రాసింది దానినే. తరువాత అక్కడ కుంఫిణీ కుర్ర అధికారులకు శిక్షణ ఇచ్చినారు, ఆపైన ముసలి తెల్ల సిపాయిలను పింఛనుమీద ఉంచినారు. కోటలో పట్టుబడిన వారికి మారుగా తన ఖైదీలను ఇమ్మని కూటు అడిగితే, కోట అప్పగించిన అవిశ్వాసులు నాకక్కరలేదని హైదరు తిరగగొట్టినాడు. తిండి పెట్టలేనివాడి చేతిలో, మాకు వద్దన్న వాడి మనుషులు! ఆ ఖైదీల గుండె ఎలా ఉండి ఉంటుందో ఏ బొమ్మ చూపగలదు? అయిదు రోజులకు, ఆగస్టు 27న, పొల్లిలూరులోనే రెండవ యుద్ధం. సరిగా ఒక నెలకు, సెప్టెంబరు 27న, షోళింగపురం యుద్ధం. ఆ యుద్ధంలో ఒక సిపాయి పటాలం మైసూరు అశ్వదళపు పతాకాన్ని పట్టుకొన్నందుకు, అదనంగా మరొక జెండా ధరించే గౌరవం పొందింది.

ఈ మూడింటిలో బొమ్మకెక్కింది మొదటిదే. శ్రీరంగపట్టణంలో 1784లో కట్టిన దరియా దౌలతు మేడ గోడమీద టిప్పు దానిని నిండుగా చిత్రింపజేసినాడు. గెలిచినవాడు రాయించుకొన్నాడు, అందులో వింత లేదు. వింత ఏమంటే 1799లో టిప్పు పడిపోయిన తరువాత ఆ మేడలో కాపురమున్న కర్నల్ వెల్లెస్లీ, తనవారి ఓటమిని చూపే ఆ చిత్రాన్ని బాగుచేయించినాడు. ఆ వెల్లెస్లీయే తరువాత వెల్లింగ్టన్, వాటర్లూ ప్రభువు! నేటి బొమ్మలవారు పొల్లిలూరును తలచినా ఆ గోడ చూచే తలుస్తారు. రంగుల ఆధారం ఉన్నచోటికే కుంచె పోతుంది. రెండవ పొల్లిలూరుకు గోడ లేదు, షోళింగపురానికి అసలే లేదు. పొల్లిలూరిలో రెండు స్మారక స్తంభాలు మాత్రం ఉన్నవి. అవి 1781లో పడిన ఇద్దరు ఇంగ్లీషు అధికారులవి. సిపాయి పేరు ఒక్కటీ వాటిమీద లేదు.

ఆ సిపాయిలు ఎవరు? ఉత్తరాదిని చాలకాలం సిపాయికి ‘తిలంగా’ అని పేరు. కుంఫిణీ కొలువులో తెలుగుదేశంనుండి, చెన్నపట్టణం వైపునుండి పోయిన సిపాయిలను మొదట చూచినందున బంగాళంవారు ఆ పేరు పెట్టినారు. 1757లో ప్లాసీలో క్లైవు వెంట నడచినవారిలో వారున్నారు. ఆ పేరు ఎంతగా నాటుకొన్నదంటే, నూరేళ్ళ తరువాత 1857లో తిరుగబడి వచ్చిన అయోధ్య సిపాయిలను కూడ ఢిల్లీ జనం తిలంగాలనే పిలిచినారు. మన జాతి పేరే ఒక వృత్తికి పేరయింది. ఆపైన జాతి మరుగునపడి వృత్తి మిగిలింది.

మరుగునపడడానికి కారణం ఒకటి తెలిసే జరిగింది. 1881 నుండి 1885 దాకా మద్రాసు సేనకు అధిపతిగా ఉన్న రాబర్ట్సు, దక్షిణాదివారు యుద్ధానికి పనికిరారనీ, ఉత్తరాదిలో కొన్ని జాతులే వీరజాతులనీ గట్టిగా వాదించినాడు. తరువాత హిందూదేశపు సైన్యమంతటికీ అధిపతి అయి ఆ ప్రకారమే నడిపించినాడు. మద్రాసు పటాలాలు ఒక్కొక్కటే తగ్గిపోయినవి. 1933లో మద్రాసు పయనీర్లను కూడ ఎత్తివేసినారు. సరిగా అదే కాలంలో సీసపు బొమ్మల వ్యాపారం పుంజుకొన్నది. మద్రాసు కాలిబంటుల పేర బ్రిటన్ వారు ఒక పెట్టె అమ్మకపోలేదు. కాని అది పందొమ్మిదవ శతాబ్దం చివరినాటి కవాతు వేషం. షోళింగపురంలో నిలిచిన మనిషి కాదు. సైన్యంలో ఎవరు కనబడితే అంగడిలో వారే కనబడినారు. అంగడిలో కనబడినవారే పిల్లల తలలో వీరులయినారు.

పరాయివారినే అనడమెందుకు? మనదీ అదే వరస. 1757 జనవరి 24 నాటి బొబ్బిలి యుద్ధం మన జంగాల నోట ఊరూరా పాటయింది, తాండ్ర పాపారాయుడు తెలియని తెలుగువాడు లేడు. మరుసటి ఏడు డిసెంబరు 7న చందుర్తి వద్ద ఫ్రెంచివారిని ఓడించిన యుద్ధం ఉత్తర సర్కారుల తలరాతనే మార్చింది. ఆ పేరు ఎందరికి తెలుసు? బొబ్బిలిలో త్యాగమున్నది, పాట పుట్టింది. చందుర్తిలో లాభనష్టాలే ఉన్నవి. అందుచేత చందుర్తిని పాడమని నేనూ అడగను.

అయితే తిలంగా మాట వేరు. అతడు కుంఫిణీ జీతగాడే, దేశభక్తుడని నేననను. ఎదుటి పక్షంలో హైదరు కొలువులోనూ మనవంటి బీదవాడే ఉన్నాడు. పొట్టకోసం పుట్టిన ఊరు విడిచి, కుశస్థలి ఒడ్డున వరద తీసేదాకా పడిగాపులు పడినవాడు అతడు. గుంటూరు వైపునుండి ఈ దిక్కుకు ఉద్యోగానికి వచ్చిన మన కుటుంబాలలో అతనికి ఒక మెట్టుమీద చోటుండవచ్చునని నాకు తోస్తున్నది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చేరినా, ఇక్కడి ఇళ్ళలో కొలువు పెట్టడం మానలేదు. మనం సంక్రాంతికి పెడతాము, పొరుగు తమిళులు నవరాత్రికి పెడతారు, రెండు పూటలా పెట్టే ఇళ్ళూ ఉన్నవి. ఆ మెట్లమీద బ్యాండు మేళపు బొమ్మలు, పోలీసు బొమ్మలు ఉండనే ఉన్నవి.

సిపాయి వేషం తంజావూరు చిత్రకారులు కుంఫిణీ దొరల కోసం వేసిన పటాలలో కనబడుతుంది, పక్కన అతని భార్య కూడ ఉంటుంది. ఎర్రని పొట్టి కోటు, తొడల దాకా తెల్లని లాగు, దాని అంచున నీలి గీత, నీలి తలపాగా, భుజంమీద తుపాకి. బూట్లు లేవు. కంచి బొమ్మలవారికి ఇంతమాత్రం చెబితే చాలును. భార్య బొమ్మను కూడ చేయించాలి, ఆమె కూడ దండు వెంట నడచినదే.