ఓరుగల్లు పళ్ళెంలో గోధుమ: సీలియాక్ వ్యాధి చెప్పే ఆహార చరిత్ర



కాకతీయుల ఓరుగల్లు వీధులను మన కళ్ళ ముందు నిలిపే తెలుగు కావ్యం 'క్రీడాభిరామం'. వినుకొండ వల్లభరాయుడు రచించినట్లు ప్రసిద్ధి చెందిన ఈ వీథీనాటకంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరు నగరమంతా తిరుగుతారు. ఆకలి వేళకు వారికి పూటకూళ్ళ ఇల్లు గుర్తుకు వస్తుంది. అక్కడ ఒక్క రూకకు లభించే భోజనాన్ని కవి నోరూరేలా వర్ణించాడు. మేలురకం బియ్యపు అన్నం, పెసరపప్పు, నెయ్యి, అరటిపండ్లు, పెరుగు అందులో ఉన్నాయి. వాటితో పాటు గోధుమపిండితో చేసిన వంటకం కూడా ఉంది.

చాలామంది ఈ పద్యాన్ని ఆనాటి భోగానికి సాక్ష్యంగా చదువుతారు. నేను వైద్యుణ్ణి గనుక నా దృష్టి ఆ గోధుమ వంటకం మీద నిలిచింది. ఓరుగల్లుకు గోధుమ తెలియనిది కాదు. అయితే అది డబ్బిచ్చి తినే విందులో పిండివంట మాత్రమే. పూటపూటా కడుపు నింపే తిండి కాదు. రామప్ప, పాకాల, లక్నవరం వంటి చెరువుల కింద వరి పండింది. చెరువు నీరు అందని చెలకల్లో జొన్న, సజ్జ, కొర్ర పండాయి. ఈ నేల మీద మనుషుల ప్రాణం నిలిపినవి ఆ ధాన్యాలే. ఒక వ్యాధిని అర్థం చేసుకోవడానికి ఈ చిన్న చారిత్రక సత్యం ఎంత అవసరమో ఈ వ్యాసంలో మీకు చెప్పదలచాను. ఆ వ్యాధి పేరు సీలియాక్.

వ్యాధి స్వరూపం

గోధుమ, బార్లీ, రై అనే మూడు ధాన్యాలలోని ఒక జాతి మాంసకృత్తులను వ్యవహారంలో గ్లూటెన్ అంటాము. చపాతీ పిండిని సాగేలా చేసేది, రొట్టెను మెత్తగా పొంగించేది అదే. కొందరి శరీరంలో గ్లూటెన్ ప్రవేశించగానే రోగనిరోధక వ్యవస్థ తన చిన్నపేగుపైనే దాడి చేస్తుంది. పేగు లోపలి గోడ మీద ఆహారసారాన్ని పీల్చుకునే సన్నని ఆంత్రచూషకాలు క్రమంగా అరిగి చదునవుతాయి. అప్పుడు మనిషి కడుపునిండా తిన్నా ఒంటికి పట్టదు. విరేచనాలు, కడుపు ఉబ్బరం, పిల్లల్లో ఎదుగుదల ఆగిపోవడం, ఎన్ని ఇనుము మాత్రలు మింగినా తగ్గని రక్తహీనత, ఎముకల బలహీనత దీని లక్షణాలు. కొందరిలో విరేచనాలు లేకుండా రక్తహీనత ఒక్కటే కనిపిస్తుంది. ఇది గోధుమ పడకపోవడం వల్ల వచ్చే సాధారణ అజీర్తి కాదు. జీవితాంతం ఉండే వ్యాధి. దీనికి మందు మాత్ర లేదు. గ్లూటెన్‌ను సంపూర్ణంగా మానడమే చికిత్స.

బియ్యాన్ని నిషేధించిన వైద్యుడు

క్రీస్తుశకం రెండవ శతాబ్దంలోనే అరిటేయస్ అనే గ్రీకు వైద్యుడు ఇటువంటి రోగులను వర్ణించాడు. పొట్టకు సంబంధించినది అనే అర్థమున్న ఆయన గ్రీకు మాట నుండే నేటి పేరు వచ్చింది. ఆధునిక కాలంలో 1887లో లండన్‌లో శామ్యూల్ గీ అనే పిల్లల వైద్యుడు ఈ వ్యాధి మీద ఉపన్యసించాడు. మరుసటి ఏడు అది అచ్చయింది. ఈ రోగం నయం కావాలంటే ఆహారం ద్వారానే కావాలని ఆయన సరిగానే ఊహించాడు. కానీ ఏ ఆహారమో పోల్చుకోలేకపోయాడు. పిండిపదార్థం ఎక్కువని బియ్యాన్ని, సగ్గుబియ్యాన్ని కూడదన్నాడు. పలుచగా కోసి రెండు వైపులా కాల్చిన రొట్టెను మాత్రం అనుమతించాడు. అంటే నిరపాయమైన అన్నాన్ని తీసివేసి, విషమైన గోధుమను పళ్ళెంలో ఉంచాడు. గొప్ప పరిశీలకుడు కూడా తన దేశపు నిత్యాహారాన్ని అనుమానించలేకపోయాడన్నమాట. ఈ మాట గుర్తుంచుకోండి. మన వద్దా ఇటువంటిదే జరిగింది.

1924లో న్యూయార్క్‌లో సిడ్నీ హాస్ అరటిపండ్ల పథ్యాన్ని ప్రవేశపెట్టాడు. పిల్లలు కోలుకున్నారు. ఆ మహిమ అరటిపండుదని అందరూ నమ్మారు. నిజానికి ఆ పథ్యంలో రొట్టె లేకపోవడమే కారణం.

అసలు దోషిని పట్టినవాడు నెదర్లాండ్స్‌కు చెందిన పిల్లల వైద్యుడు విల్లెమ్ డికే. 1930ల నుండే ఆయనకు గోధుమ మీద అనుమానం. రెండవ ప్రపంచయుద్ధం చివర, 1944-45 చలికాలంలో, ఆ దేశంలో ఘోరమైన కరువు వచ్చింది. రొట్టె దొరక్క ప్రజలు తులిప్ దుంపలు తిన్నారు. ఆ ఆకలికాలంలో సీలియాక్ పిల్లలకు హాని కలగకపోగా మేలు జరగడం, తిరిగి రొట్టె రాగానే వారి వ్యాధి తిరగబెట్టడం ఆయన అనుమానాన్ని బలపరిచాయి. 1950లో తన సిద్ధాంతవ్యాసంలో గోధుమే కారణమని ఆయన నిరూపించాడు. తరువాత 1957లో, శస్త్రచికిత్స లేకుండా చిన్నపేగు నుండి ముక్క తీసే క్రాస్బీ గుళిక వచ్చింది. మన వరంగల్‌లో కాకతీయ వైద్య కళాశాల ఆవిర్భవించింది 1959లో. అంటే ఈ వ్యాధి గురించిన స్పష్టమైన జ్ఞానానికీ, మన ఊరి వైద్య విద్యకూ ఇంచుమించు ఒకే వయస్సు.

మనకెందుకు అరుదు?

మన దేశంలో 1960ల నుండి ఉత్తరాది వైద్యులు పిల్లల్లో ఈ వ్యాధిని గుర్తిస్తూ వచ్చారు. దక్షిణాదిలో పేగు ఆహారాన్ని పీల్చుకోలేకపోతే వైద్యుల మనస్సుకు ముందు తట్టేది ఉష్ణమండల స్ప్రూ అనే వేరొక వ్యాధి. సీలియాక్ పంజాబు, హర్యానాల రోగమనీ, అన్నం తినే మనకు రాదనీ ఒక నమ్మకం స్థిరపడింది.

ఆ నమ్మకంలో సగమే సత్యం. 2016లో ప్రచురితమైన ఒక పెద్ద పరిశోధనలో దేశంలోని ఉత్తర, ఈశాన్య, దక్షిణ ప్రాంతాలకు చెందిన 23,331 మంది పెద్దలను పరిశీలించారు. ఉత్తరాన వెయ్యి మందిలో ఎనిమిది, తొమ్మిది మందికి ఈ వ్యాధి ఉండగా, దక్షిణాన ఇంచుమించు పదివేలకు ఒక్కరికి ఉంది. వ్యాధికి అనుకూలించే జన్యువులు మాత్రం మూడు ప్రాంతాల్లోనూ దాదాపు మూడోవంతు జనంలో ఉన్నాయి. మరి తేడా ఎక్కడ? గోధుమ వాడకం ఉత్తరాన రోజుకు సగటున 455 గ్రాములు, దక్షిణాన 25 గ్రాములు. జన్యువులున్న అందరికీ వ్యాధి రాదు, కారణాలు ఇంకా ఉండవచ్చు. అయినా ఈ అంకెలు మనకు ఒక సంగతి చెబుతున్నాయి. మనల్ని కాపాడుతూ వచ్చింది మన రక్తం కాదు. చాలావరకు మన పళ్ళెం.

ఆ పళ్ళెం మారిన తీరు

1956లో అమెరికాతో కుదిరిన పీఎల్-480 ఒప్పందం వల్ల గోధుమ ఓడల మీద దేశానికి వచ్చింది. ఆపై హరితవిప్లవం ఉత్తరాది పొలాలను గోధుమతో నింపింది. 1983లో రెండు రూపాయల బియ్యం పథకం పేదవాడి ఇంట అన్నం ఉడికించింది, అది మహోపకారమే. కానీ అన్నం అందుబాటులోకి వచ్చినకొద్దీ జొన్న గటక, సజ్జ రొట్టె, అంబలి పేదరికపు గుర్తులై వంటింటి నుండి తప్పుకున్నాయి. వాటి చోటులోకి బొంబాయి రవ్వ, సేమ్యా, మైదా, బిస్కట్టు ప్రవేశించాయి. ఆ తరువాత మా వైద్యుల నోటి నుండే మరొక మాట వచ్చింది: "షుగరు ఉంది, రాత్రి అన్నం మాని చపాతీ తినండి." పూర్వం రూక ఇచ్చి తిన్న పిండివంట ఆరోగ్యం పేరుతో ప్రతి ఇంటికీ నిత్యభోజనమైంది.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళ క్రితం వరంగల్ సమీప గ్రామం నుండి తొమ్మిదేళ్ళ బాలికను తల్లి నా వద్దకు తీసుకువచ్చింది. పాలిపోయిన ముఖం, వయసుకు తగని ఎత్తు. నులిపురుగుల మందు ఇచ్చాను, ఇనుము మాత్రలు ఇచ్చాను, బలానికి పాలలో మాల్ట్ పొడి కలిపి ఇమ్మన్నాను, రాత్రిపూట చపాతీ పెట్టమన్నాను. మాల్ట్ అంటే మొలకెత్తించిన బార్లీ. ఆ తల్లి కూలి డబ్బులతో కొని, నేను చెప్పినట్లే పెట్టింది. పిల్ల ఇంకా నీరసించింది. ఏడాదిన్నర గడిచాక గానీ నాకు సీలియాక్ స్ఫురించలేదు. రక్తపరీక్ష, పేగు ముక్క పరీక్ష ఆ సంగతినే ధ్రువపరిచాయి. శామ్యూల్ గీ చేసిన పొరపాటునే, ఆయనకు లేని జ్ఞానం అందుబాటులో ఉన్న కాలంలో, నేను చేశాను.

ఏం తినాలో చెప్పవలసి వచ్చినప్పుడు, నిషిద్ధాల జాబితా చదవబోయాను. ఆమె అవ్వ మధ్యలో ఆపి అడిగింది: "మా చిన్నప్పటి తిండి పెట్టుమంటున్నవు, అంతేనా అయ్యా?" అంతే. అంతకన్నా చక్కగా నేను చెప్పలేకపోయేవాణ్ణి. ఆరు నెలల్లో ఆ పిల్ల బుగ్గలకు రంగు వచ్చింది.

మన వంటింట్లో పథ్యం

కనుక పాఠకులారా, ఈ పథ్యాన్ని శిక్షగా భావించకండి. అన్నం, జొన్నరొట్టె, మక్క గటక, రాగి అంబలి, కొర్రలు, సజ్జలు, అన్ని పప్పులు, ఇడ్లీ, పెసరట్టు, పాలు, గుడ్లు, మాంసం, కూరగాయలు, పండ్లు సహజంగానే గ్లూటెన్ లేనివి. సంక్రాంతి సకినాలు బియ్యపుపిండివే. సర్వపిండీ అంతే. ఖరీదైన పొట్లాల కోసం పట్నం వెళ్ళనక్కరలేదు. అయితే తెల్లబియ్యం ఒక్కటే తింటే ఇనుము, పీచు చాలవు. జొన్న, రాగి, పప్పు, ఆకుకూరలు తోడు కావాలి.

జాగ్రత్త పడవలసింది చాటుగా దూరే గోధుమ విషయంలోనే. మొదటిది మన పిండి గిర్ని. గోధుమలు పట్టిన గిర్నిలోనే మీ జొన్నలూ సకినాల బియ్యమూ పట్టిస్తే, రాళ్ళ మధ్య మిగిలిన గోధుమపిండి వాటిలో కలుస్తుంది. గోధుమ పట్టని గిర్నిని వెదకండి, లేదా ఇంట్లోనే చిన్న యంత్రంతో పట్టుకోండి. రెండవది ఇంగువ. డబ్బాల్లో అమ్మే కూటమి ఇంగువలో తరచుగా మైదా ఉంటుంది. పొట్లం మీది వివరాలు చదవండి. జొన్నరొట్టె విరగకుండా కొందరు గోధుమపిండి కలుపుతారు. పూరీలు వేయించిన నూనెలో సకినాలు వేయించరాదు. మూత్రపిండాల రాళ్ళకు తాగే బార్లీ నీళ్ళు, సోయాసాస్ వేసిన మంచూరియా, రంజాన్ హలీం, బతుకమ్మకు చపాతీతో చేసే మలీద కూడదు. మలీద జొన్నరొట్టెతో చేసుకోవచ్చు. కొన్న పదార్థం మీద గ్లూటెన్ రహితమని ఉంటే, మన దేశ నిబంధనల ప్రకారం కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండరాదు.

అన్నిటికన్నా కష్టమైనది పెళ్ళిబంతి. "ఒక్క ముక్క తింటే ఏమవుతుంది?" అని ప్రేమతో బలవంతపెట్టే బంధువులు ఉంటారు. ఆ ముక్క వల్ల ఆ పూట ఏమీ కాకపోవచ్చు. అటువంటి ముక్కలు మళ్ళీ మళ్ళీ పడితే లోపల పేగు మళ్ళీ దెబ్బతింటుంది. ఆ బిడ్డ పక్షాన మాట్లాడవలసింది పెద్దలే.

చివరగా రెండు మాటలు

అనుమానం రాగానే మీ అంతట మీరే గోధుమ మానివేయకండి. మానితే రక్తంలోని గుర్తులు, పేగులోని మార్పులు మరుగునపడి పరీక్షలు తప్పు చెబుతాయి. తినే కాలంలోనే వైద్యుని సలహాతో టీటీజీ అనే రక్తపరీక్ష, అవసరమైతే ఎండోస్కోపీ చేయించుకోండి. వ్యాధి తేలితే తల్లిదండ్రులూ తోబుట్టువులూ కూడా పరీక్ష చేయించుకోవాలి. టైప్-1 మధుమేహం ఉన్నవారిలో ఈ వ్యాధి ఎక్కువ గనుక వారిని ప్రత్యేకంగా గమనించాలి. వ్యాధి లేనివారు మాత్రం గోధుమను చూసి భయపడనవసరం లేదు.

ఓరుగల్లు పూటకూళ్ళ ఇంట ఆ గోధుమ వంటకం లేకపోయినా, అన్నం, పప్పు, నెయ్యి, పండు, పెరుగు మిగిలే ఉంటాయి. అది లోటైన భోజనమని ఎవరనగలరు? ఎన్ని మాత్రలు వాడినా రక్తం పట్టని బిడ్డ మీ ఇంట ఉంటే, ఈసారి వైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు ఈ వ్యాధి పేరు మీరే అడగండి. నాకు ఆనాడు ఎవరైనా అడిగి ఉంటే, ఆ బాలికకు ఏడాదిన్నర బాల్యం మిగిలేది.