గురుబోధ నుంచి బాప్తిస్మం దాకా: ఎర్రగుంట్ల పేరయ్య మతాంతరానికి తత్త్వ సంప్రదాయ నేపథ్యం

నల్లగొండ, పాలమూరు పల్లెల భజనల్లో దున్న ఇద్దాసు తత్త్వాలు నేటికీ వినిపిస్తాయి. దేవరకొండ ప్రాంతపు చింతపల్లిలో మాదిగ కుటుంబంలో పుట్టి, జీతగాడిగా బతికి, గురువుగా మన్ననలందుకున్న ఈ కవి జీవితకాలాన్ని సంప్రదాయం 1811–1919గా చెబుతుంది. సాహిత్య చరిత్రల్లో ఆయనకు దక్కిన చోటు స్వల్పం. అయితే ఈ వ్యాసానికి ప్రధాన విషయం ఆయన కవిత్వం కాదు. ఆయనకు సమకాలికుడై, అదే కులంలో పుట్టి, అటువంటి గురుబోధలోనే ఏళ్ల తరబడి సాధన చేసి, చివరకు క్రైస్తవాన్ని స్వీకరించిన ఎర్రగుంట్ల పేరయ్య అనుభవం. ఒకరి మార్గాన్ని మరొకరి మార్గం పక్కన ఉంచి చూసినప్పుడు, దళితుల మతాంతరం గురించి స్థిరపడిపోయిన రెండు అభిప్రాయాలను పునఃపరిశీలించవలసి వస్తుంది.

మొదటి అభిప్రాయం ప్రకారం మాదిగల మతాంతరం కరువు ఫలితం. 1876–78 నాటి ధాత కరువు, బకింగ్‌హామ్ కాలువ పనులు, ఆ తరువాతి సామూహిక బాప్తిస్మాలు దీనికి ఆధారాలుగా చూపబడతాయి. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలోని వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంఖ్యకున్న ప్రఖ్యాతి దానికి ముందు జరిగినదాన్ని మరుగుపరచింది. పేరయ్య బాప్తిస్మం పొందినది 1866లో. అప్పటికి ధాత కరువు లేదు, కాలువ పని లేదు. ఆయన తోళ్ల వ్యాపారి. చరిత్ర పుస్తకాల్లో కనిపించే ఆకలిగొన్న సమూహానికి ప్రతినిధిగా ఆయనను చూపడం సాధ్యం కాదు.

రెండవ అభిప్రాయం మిషనరీలది. పేరయ్య గురించి లభిస్తున్న వివరాలకు ప్రధాన ఆధారం 1899లో వెలువడిన ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ గ్రంథం. ఒంగోలు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ సతీమణి అయిన ఆమె మాదిగ పెద్దల జ్ఞాపకాలను విని రాసుకున్నారు. క్లౌ ఆత్మకథ కూడా ఆమె చేతి మీదుగానే రూపుదిద్దుకొని, ఆయన మరణించిన నాలుగేళ్లకు, 1914లో, అచ్చయింది. అంటే ఈ కథనం రెండు వడపోతలు దాటి వచ్చింది: సంఘటనలు జరిగిన ముప్పై ఏళ్లకు క్రైస్తవులైన వృద్ధులు తలచుకున్న గతం ఒకటి, దానిని ఆంగ్ల పాఠకుల కోసం తీర్చిన రచయిత్రి దృష్టి మరొకటి. అయినా ఆమె ఒక మేలు చేశారు. మాదిగ పల్లెల్లోని యోగ గురువుల శాఖలను మూఢవిశ్వాసమని తోసిపుచ్చకుండా శ్రద్ధగా నమోదు చేశారు. నాసరయ్య అనుయాయులు, రామానుజ మతానుయాయులు, పోతులూరి వీరబ్రహ్మం శిష్య పరంపర ఆ పుటల్లో ఉన్నారు. ఆ కాలపు తెలుగు పండితులు వీరిపట్ల ఈపాటి ఆసక్తి కూడా చూపలేదు.

ఒంగోలు ప్రాంతపు తాళ్లకొండపాడుకు చెందిన పేరయ్యకు రాజయోగం ఉపదేశించినది బండికట్ల వీరమ్మ అనే స్త్రీ గురువు. ఈ ఒక్క వివరమే ఆ సంప్రదాయపు స్వభావాన్ని చాలావరకు చెబుతుంది. ఊరి గుడి గడప తొక్కే అర్హత లేని మనిషికి, ఒక స్త్రీ, దేహంలోనే దైవం ఉందని బోధిస్తోంది. విగ్రహం అక్కరలేదు, పురోహితుడు అక్కరలేదు, జాతర బలి అక్కరలేదు. గురువు, మంత్రం, ఏకాగ్రత చాలు.

ఈ బోధలో సందేహానికి కూడా చోటుంది. వీరబ్రహ్మం కథల్లోని కక్కయ్య వృత్తాంతం అందుకు నిదర్శనం. దేహంలోని చక్రాలలో దేవతలున్నారని స్వామి సిద్ధయ్యకు చెబుతుండగా విన్న మాదిగ కక్కయ్య, ఆ దేవతలను కళ్లారా చూడాలని భార్య దేహాన్నే కోసి వెదికాడు. ఏమీ కనిపించక స్వామిని అబద్ధీకుడని నిలదీశాడు. స్వామి ఆమెను బతికించాడన్నది కథకు ముగింపు. ఈ కథను శిష్యుడి అమాయకత్వానికి ఉదాహరణగా వ్యాఖ్యానించడం పరిపాటి. కాని రోజూ కళేబరాన్ని కోసే వృత్తివాడు సిద్ధాంతాన్ని తన కత్తితో పరీక్షించాడన్నది గమనించవలసిన అంశం. (ఆ పరీక్షకు మూల్యం చెల్లించినది భార్య అన్న సంగతి వ్యాఖ్యాతలకు తట్టకపోవడం వేరే చర్చ.) విన్నదాన్ని నమ్మేముందు తరచి చూడాలన్న పట్టుదల ఆ పల్లెలకు పరాయిది కాదు.

పేరయ్య సందేహం కూడా ఈ సంప్రదాయం లోపలే పుట్టింది. యోగసాధన ఆయనకు విగ్రహారాధన మీద విముఖతను ఇచ్చింది, దేవుడొక్కడే అన్న నిశ్చయాన్ని ఇచ్చింది. తృప్తిని మాత్రం ఇవ్వలేదు. తోళ్ల బేరం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు ఒక మిషనరీ బోధ విన్నాడు. తిరిగి వచ్చాక వెంటనే మతం మారలేదు. సమీపంలో మిషనరీ లేడు. విన్నదానిని తన గురుబోధతో బేరీజు వేసుకుంటూ కొన్నేళ్లు గడిపాడు. చివరకు 1866లో లైమన్ జూవెట్ చేత పేరయ్య, ఆయన భార్య నాగమ్మ కలిసి బాప్తిస్మం పొందారు. ఆ ఏడాది సెప్టెంబరులో క్లౌ ఒంగోలులో స్థిరపడ్డాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో అక్కడ సంఘం ఏర్పడింది. అదే నెలలో తాళ్లకొండపాడు చేరిన క్లౌ కోసం చుట్టుపక్కల పల్లెల జనం ఎదురుచూస్తున్నారు. వారికి అప్పటికే బోధించి ఉంచినవాడు పేరయ్య. ఆ పర్యాయం 28 మంది బాప్తిస్మం పొందారు. వచ్చినవారు పేరయ్యను చూసినది గురువును చూసే కళ్లతోనే.

సిద్ధాంతపరంగా ఇందులో పెద్ద తెగింపు కనిపించదు. తెగింపు ఆచరణలో వచ్చింది. క్లౌ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. మూడవది యోగ శిష్యులకు కొత్త కాదు. మొదటి రెండు మాత్రం ఊరికీ మాదిగవాడకూ ఉన్న సంబంధాన్నే కదిలించాయి. రైతు పిలిచినప్పుడు రానన్న మాదిగను, జాతరలో డప్పు కొట్టనన్న మాదిగను ఊరు సహించలేదు. గురుబోధ రహస్యం. శిష్యుడు రాత్రి మంత్రం జపించి, పగలు ఊరి చాకిరీ చేయవచ్చు. క్రైస్తవం ఆ వెసులుబాటును తొలగించింది. పేరయ్య ఏళ్ల సందిగ్ధాన్ని కేవలం దేవుడెవరన్న ప్రశ్నకు కుదించలేకపోవడానికి కారణం ఇదే.

యోగం క్రైస్తవానికి సోపానమన్న మిషనరీ వాదానికి దున్న ఇద్దాసు జీవితం అడ్డుపడుతుంది. అదే కులం, అటువంటి గురుమార్గమే, అయినా ఆయన తత్త్వం లోపలే పరిపూర్ణతను వెదికాడు. అయితే దీనిని క్రైస్తవ తిరస్కారంగా చదవడం కూడా పొరపాటే. అమెరికన్ బాప్టిస్టులు పాలమూరులో కేంద్రం నెలకొల్పినది 1885లో. రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ బ్రెదరెన్ మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ నల్లగొండ చేరినది 1890లో. సంప్రదాయం చెప్పే లెక్కన అప్పటికి ఇద్దాసు ఎనభయ్యోపడికి చేరువలో ఉన్నాడు. పైగా పేరయ్యకు తోళ్ల వ్యాపారం జిల్లాలు దాటించింది. పటేలు ఇంటి జీతగాడికి మోట బావి దాటి పోయే వీలు తక్కువ. ఇద్దాసు ధ్యానంలో ఉండగా మోట దానంతట అదే నడిచిందన్న ఐతిహ్యం ప్రచారంలో ఉంది. మహిమ కోసం కల్పించిన కథ ఇదని దాటవేయవచ్చు. కాని ధ్యానానికి కూర్చోవాలంటే ముందు మోట ఎవరు తోలతారన్న ప్రశ్న జీతగాడికే పుడుతుంది. పేరయ్యకు బాప్తిస్మంతో పాటు ఎదురైన ఆదివారం నియమం కూడా ఈ ప్రశ్నకు సంబంధించినదే.